నది అయిపోయే చోటు

"కలిసిపోవడమంటే అయిపోవడమేనా, గురువుగారూ?" అని నరసింగరావు అడిగాడు.

ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కకుండా కాలవ తలుపులు ఎత్తి దించడమే ముప్పై ఏళ్లు అతని ఉద్యోగం. గుండె బలహీనపడిందనీ, ఇక ఎక్కువ కాలం లేదనీ డాక్టరు చెప్పాక, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర మడ అడవి అంచున పాక వేసుకుని ఉంటున్న చిదంబరయ్యగారిని వెతుక్కుంటూ వచ్చాడు. నదులన్నీ పేరూ రూపమూ విడిచి సముద్రంలో లీనమవుతాయన్న పెద్దల మాట అతనికి ఊరట కాలేదు; భయమే పెంచింది.

చిదంబరయ్యగారు శాస్త్రం ఎత్తలేదు. "నూకాలమ్మ పీతలకు వెళుతోంది. ఆమె నావలో వెళ్లి, నది ఎక్కడ అయిపోయిందో చూసి రా, నాయనా" అన్నారు.

మధ్యాహ్నానికి ఆటుతో నీరు వెనక్కి తీసి, పాయలో నావ నేలకు తగిలింది. ఆగమని నూకాలమ్మ అంటున్నా వినక, నెడదామని నరసింగరావు దిగాడు. తొడలదాకా బురదలో కూరుకుపోయాడు.

"కదలకండి బాబూ! తన్నుకునేకొద్దీ లోపలికి పోతారు." ఆమె తెడ్డు అందించి, దానిమీద బోర్లా వాలమంది. "పోటెక్కితే బురదే వదులుద్ది."

"నీళ్లు ఎందాకా వస్తాయమ్మా?"

"గడ్డం దాకా రావచ్చు. నేను మీ చెయ్యి వదలను."

చెంప బురదకు ఆనించి అతను ఎదురుచూశాడు. గుండె తెడ్డు మీద దడదడా కొట్టుకుంటోంది. బురదలోంచి మడచెట్ల వేళ్లు గాలి కోసం వేలెడేసి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చేపలు నేల మీద గెంతుతున్నాయి. పప్పుగింజంత పీత ఒకటి అతని ముక్కు ముందే మట్టి ఉండ చేసి, పక్కన పెట్టి, ఇంకొకటి మొదలుపెట్టింది.

అప్పుడు నీరు వచ్చింది. చప్పుడు లేకుండా, ఎండలో మెరుస్తూ, సముద్రం వైపు నుంచి. పెదవికి తగిలితే అది ఉప్పూ కాదు, తీపీ కాదు. ఆ నీటి నిండా గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు, కళ్లు తప్ప ఒళ్లు కనిపించనివి, వేలకు వేలు, అతని మెడ చుట్టూ, చేతివేళ్ల సందుల్లోంచి మడచెట్ల మొదళ్లకు పోతున్నాయి.

"ఇక్కడ పెరిగాకే సముద్రానికి పోతాయి బాబూ," అంది నూకాలమ్మ, చెయ్యి బిగించి పట్టుకునే. "ఉత్త ఏటినీళ్లలో ఇన్ని ఉండవు."

నీటితోపాటు అతనూ మెల్లగా నిటారయ్యాడు; అది గడ్డాన్ని తాకేవేళకు బురద కాళ్లను వదిలేసింది. నరసింగరావు మాత్రం వెంటనే నావ ఎక్కలేదు.

సాయంత్రం ఒళ్లంతా మట్టితో పాక ముందు నిలబడ్డాడు.

"నది ఎక్కడ అయిపోయిందో కనిపించిందా?"

"వెతకడం మరిచిపోయానండీ."

చిదంబరయ్యగారు కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లు అందించారు.

"రేపూ వెళ్దువుగాని. పోటు ఇంకో ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది," అన్నారు. "తొందరేం లేదు."