తీతువు తెచ్చిన నీళ్ళు

ఏ కెమెరా కొనాలో యుగంధర్‌కి ఎంతకీ తేలడం లేదు.

నంద్యాలలో పెళ్ళి ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడతను. ఇక పెళ్ళిళ్ళు చాలు, పిట్టల్నీ జింకల్నీ తీస్తానని పట్టుపట్టి కూర్చున్నాడు. తెలిసిన షాపువాడు రెండు కెమెరాలిచ్చి, వాడి చూసుకుని సాయంత్రానికి ఒకటి తిరిగిచ్చేయమన్నాడు. ఒకటి కన్ను మూసి తెరిచేలోగా బోలెడు ఫోటోలు తీసేస్తుంది, ఎంత వేగంగా ఎగిరే పిట్టనైనా మసక లేకుండా పట్టేస్తుంది. రెండోదానికి అంత వేగం లేదు గానీ, చేను అవతలి గట్టు మీద వాలిన కాకి కన్ను కూడా చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో చదివిన కొద్దీ అయోమయం పెరిగింది తప్ప తగ్గలేదు.

గురువుగారిని అడిగాడు. ఆయన పేరు హుసేనప్ప. ఒకప్పుడు డ్రాయింగు మాస్టారు. నందికొట్కూరు దాటాక వచ్చే గడ్డి బీళ్ళలో ఏళ్ళ తరబడి పిట్టల ఫోటోలు తీస్తున్న మనిషి. రెండూ పట్టుకుని బీడుకి రమ్మన్నారాయన.

చైత్రం ఎండ. రెండు కెమెరాలూ చెరో భుజానికి తగిలించుకుని, కావడి మోస్తున్నవాడిలా నడిచాడు యుగంధర్. హుసేనప్పకి మోకాళ్ళ నొప్పి. నువ్వు పోతా ఉండు, నేను నిదానంగా వస్తానని వెనకబడ్డారు.

కొంత దూరం పోయాక గులకరాళ్ళ నేల మీద ఒక తీతువు పిట్ట కూర్చుని కనిపించింది. కళ్ళ ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్ళు. పిట్ట బాగానే ఉంది గానీ కదలదు. కూర్చున్న పిట్టను తీయడానికి అంత వేగం కెమెరా ఎందుకు? దాన్ని ఎగిరించి చూడాలి. యుగంధర్ ఒక మట్టిగడ్డ తీసి దాని పక్కగా విసిరాడు. తీతువు అరుస్తూ లేచింది. ముందు దూరం చూసే కెమెరాతో నాలుగు తీశాడు. బాగానే వచ్చాయి.

ఇప్పుడు వేగం కెమెరాని కూడా అదే పరీక్షకి పెట్టాలి కదా. పెళ్ళిళ్ళలో అతని పద్ధతే అంత. తలంబ్రాలు సరిగా పడలేదనుకుంటే వధూవరుల చేత ఇంకోసారి పోయిస్తాడు. మంత్రం ఆపి మరీ నిలబడిన పురోహితులున్నారు. తీతువు ఒక లెక్కా?

అది దూరంగా పశువుల తొట్టి దగ్గర కారిన నీళ్ళలో కాసేపు కూర్చుని తిరిగి వచ్చింది. వాలి, కాళ్ళు ముడవబోతుండగా యుగంధర్ ఇంకో గడ్డ విసిరాడు. వేగం కెమెరా టకటకమని మోగింది. పిట్ట ఈసారి దూరం పోలేదు. అతని నెత్తి మీదే గిరికీలు కొడుతూ, అరుస్తూ, మీదికి దూసుకొస్తూ తిరిగింది. తన అదృష్టం పండిందనుకున్నాడు. పిట్ట వెంట అడుగులో అడుగు వేస్తూ, తల పైకెత్తి, తీసిందే తీశాడు.

హుసేనప్ప వచ్చేసరికి మనవాడి ముఖం వెలిగిపోతోంది. తేలిపోయింది సార్, ఇదే కొంటాను అంటూ కెమెరా తెర ఆయన ముందు పెట్టాడు. రెక్కలు పూర్తిగా విప్పి లేస్తున్న తీతువు. దాని పొట్ట కింద గాలిలో నిలిచిపోయిన నీటిచుక్కలు. ఒక్కో చుక్కలో సూర్యుడు.

ఆ చుక్కల్ని వేలితో చూపిస్తూ మురిసిపోయాడు యుగంధర్.

హుసేనప్ప ఫోటో మీంచి తలెత్తి, పైన ఇంకా తిరుగుతున్న పిట్టని చూశారు.

"ఈ నీళ్ళు అది ఎవరికి తెస్తాండెనో తెలుసునా నాయనా?"

యుగంధర్‌కి ప్రశ్న అర్థం కాలేదు.

"కాలు కదపొద్దు. కిందికి చూడు."

చూశాడు. మొదట గులకరాళ్ళే కనిపించాయి. తర్వాత వాటిలో నాలుగు రాళ్ళు కావని తెలిసింది. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, మొనలు లోపలికి పెట్టుకుని నాలుగు గుడ్లు. అతని బూటుకీ వాటికీ మధ్య వేలెడు సందు లేదు.

యుగంధర్ కాలు కదపకుండా అలాగే గొంతుక్కూర్చున్నాడు.

గురువు వంగి, అతని మణికట్టు పట్టుకుని, అరచేతిని గుడ్ల పక్కన నేలకు ఆనించారు. యుగంధర్ చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్న చేతిని చూసుకున్నాడు. గుడ్ల వంక చూశాడు. గుడ్లని చల్లబరచడానికి తడి పొట్టతో వచ్చి అది వాలిన క్షణం కళ్ళ ముందు మెదిలింది. ఆ క్షణంలోనే గడ్డ విసిరాడు తను.

గబగబా నీళ్ళ సీసా మూత తిప్పాడు. గురువు వద్దన్నారు. పోనీ టవలు కప్పి నీడ చేస్తానన్నాడు.

"నువ్వు చేయగలిగేది ఒగటే ఉంది. పోవడం."

పోయారు. కొంత దూరం వచ్చి యుగంధర్ ఆగి చూశాడు. పిట్ట వాలలేదు. "ఇంకా" అన్నారు హుసేనప్ప. ఇంకొంత వెనక్కి నడిచారు. తీతువు పైన అరుస్తూనే ఉంది. ఎండ నేల మీద అలాగే ఉంది. "ఇంకా." యుగంధర్‌కి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే దాన్ని మరింత బెదరగొడతానేమోనని భయపడి, ఊపిరి బిగబట్టి నడిచాడు. తుమ్మ పొద దాటాక వెనక అరుపు ఆగింది.

దూరం చూసే కెమెరా కంటికి పెట్టుకున్నాడు. తీతువు నేల మీద పరుగు తీస్తూ, ఆగుతూ, మళ్ళీ పరుగు తీస్తూ గుడ్ల దగ్గరికి చేరింది. ఈసారి పొట్టకి నీళ్ళు లేవు. రెక్కలు కాస్త ఎడం చేసి వాటి మీద కూర్చుంది.

యుగంధర్ వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

"ఇక్కడి నుంచి అది ఎంత దూరముందో చూసుకున్నావు గదా. కెమెరా దాన్ని బట్టి కొనుక్కో" అన్నారు గురువు, నేల మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ.

యుగంధర్ ఆ మాట విన్నాడో లేదో. కంటి దగ్గర నుంచి కెమెరా దించకుండానే అడిగాడు.

"సార్, లోపల పిల్లలు బతికే ఉంటాయా?"

హుసేనప్ప అటే చూస్తూ అన్నారు.

"దానికి గూడా తెలీదు నాయనా. అయినా కూర్చునింది."