కందికాయలో గింజలు వరస కట్టిన కథ

ఒకప్పుడు కందికాయకి ఒక్కటంటే ఒక్క గింజే ఉండేది. ఆ రోజులే వేరర్రా! చెట్టుతో మాట్లాడితే చెట్టు బదులు చెప్పేది.

అప్పట్లో జనానికి ఒక అలవాటుండేది. లావుపాటి కాయలన్నీ పచ్చిగా ఉండగానే కోసి, ఉప్పేసి ఉడకబెట్టుకుని తినేసేవాళ్లు. మిగిలిన పీల కాయల్ని ఎండబెట్టి విత్తనానికి దాచేవాళ్లు. ఇంకేముంది, ఏటికేడు పంట తగ్గిపోయింది.

కొండ కింద మెట్టచేను చేసుకునే సుంకులమ్మకి ఆ ఏడు ఒక వింత కనపడింది. ఒక్క చెట్టుకి మాత్రం రెండేసి గింజల కాయలున్నాయి! ఆవిడ గబగబా చెయ్యి చాచింది.

"ఆగు తల్లీ!" అంది కందిచెట్టు. "నా బిడ్డల్లో పుష్టిగా ఉన్నవాళ్లని తినేస్తారు. బక్కవాళ్లని మట్టిలో వేస్తారు. పైగా కాయలేదని నన్నే తిడతారు! ఈసారీ ఇంతే చేస్తే నేనింక మొలవను."

సుంకులమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెట్టుకి ఎర్ర గుడ్డపేలిక కట్టి, ఎవరూ ముట్టుకోవద్దంది.

సరిగ్గా అప్పుడే కూతురు ఓబులమ్మ కడుపుతో పుట్టింటికొచ్చింది.

"అమ్మా, నాకా గుడ్డ కట్టిన చెట్టు కాయలే కావాలే. నోరూరిపోతోంది!"

"అవి విత్తనానికే, నా బంగారూ. ఇంకేదైనా అడుగు."

"నాకంటే నీకు చెట్టెక్కువా?" ఓబులమ్మ మూతి ముడుచుకుని అన్నం మానేసింది. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది గానీ కాయ కోయలేదు.

మరుసటి ఏడు ఓబులమ్మ పాపని చంకనేసుకుని చేలోకి వెళ్లింది. అబ్బ! ఎటు చూసినా రెండేసి గింజల కాయలే.

"మీ అమ్మ నీ నోటి దగ్గరిది ఆపి మమ్మల్ని బతికించింది," అన్నాయి చెట్లు. "మంచి కాయలు ముందు మాకు వదలండి. తినడానికీ విత్తడానికీ సరిపడా మేం కాస్తాం."

వాళ్లు వదిలారు, చెట్లు కాశాయి. ఏళ్లు గడిచేకొద్దీ రెండు గింజలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. అవి చూడకుండానే సుంకులమ్మ పోయింది. ఉడికిన కాయ వలిచినప్పుడల్లా ఓబులమ్మకి అమ్మ గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగేవి. "నేనలిగానని నువ్వూ ఆ పూట తినలేదు కదే అమ్మా," అనుకునేది.

అప్పటినుంచే కందికాయలో గింజ ఒంటరిగా ఉండదు. అమ్మ పక్కలో పిల్లలు సర్దుకుని పడుకున్నట్టు నాలుగో అయిదో వరసగా ఉంటాయి.