ఓబులేసు నక్క దాచిన మడుగు

ఎర్రకొండల వయసెంతో ఆ కొండలకే తెలియదు. ఏనాటివో రాళ్లు, పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి. వాటి నడుమ ఏరు కోసుకుపోయిన లోయ ఒకటుంది. పైనుంచి తొంగి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ ఏడు ఎండలు మండిపోయి, కొండమీది ఊట కాస్తా ఇంకిపోయింది. అక్కడే కాపురముండే సుంకన్న అనే ముసలి గాడిదకూ, మద్దక్క అనే మేకకూ గుక్కెడు నీళ్లు కరువయ్యాయి.

మద్దక్కకు తన గురించి దిగులు లేదు, ఎలాగో నెట్టుకొస్తుంది. దిగులంతా సుంకన్న గురించే. కాళ్లు తడబడుతూ నడుస్తున్న వాణ్ణి చూస్తే ఆమె ప్రాణం ఉసూరుమంటోంది.

అప్పుడు దిగాడు ఓబులేసు నక్క, మీసం దువ్వుకుంటూ.

"లోయలో ఎండని మడుగొకటుంది. నేను తిరగని సందు లేదక్కడ. చూపిస్తాను గానీ, కాలికి ముల్లు గుచ్చుకుంది. నడవలేను."

"దానికేం భాగ్యం! వీపెక్కు," అన్నాడు సుంకన్న వెంటనే. పాపం, పుట్టిన దగ్గర్నుంచీ మూటలు మోసిన గాడిద. వీపు మీద ఏదో ఒకటి లేకపోతే వాడికి అడుగే పడదు.

"ఒరేయ్ తమ్ముడూ, నీ ఒళ్లే నీకు బరువుగా ఉందిరా!" అని మద్దక్క మొత్తుకుంది. వింటేగా!

లోయలోకి దిగారు. ఓబులేసు కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. ప్రతి బండకూ ఒక కథ చెప్పాడు. "ఇదిగో, ఈ గుహలోనే మా ముత్తాత చిరుతపులితో పందెం కాశాడు!" సుంకన్న నోరెళ్లబెట్టి విన్నాడు. మడుగు మాత్రం కనబడదు. పొద్దున చూసిన పగుళ్ల బండే మధ్యాహ్నం మళ్లీ ఎదురొచ్చింది.

కాసేపు నీడన ఆగారు. "దారి చూసొస్తా," అని ఓబులేసు కుంటుకుంటూ వెళ్లి తిరిగొచ్చాడు. మద్దక్క వాడి వంక చూసి ఉలిక్కిపడింది. చుట్టూ ఎక్కడ చూసినా ఎర్రదుమ్మే. వీడి గడ్డం కింద బొచ్చు మాత్రం తడిగా ఉంది!

ఓరి నీ దుంపతెగ, అనుకుంది. నీళ్లు తాగొచ్చి, గొంతెండిపోతున్నవాడి వీపెక్కుతావా? కానీ నిలదీస్తే చెప్పే రకం కాదు. వెతుకుదామంటే బండల మీద అడుగుజాడైనా లేదు. ఇంతలో సుంకన్న ముందుకాళ్లు మడిచి కూలబడ్డాడు.

"అక్కా, ఇక నా వల్ల కాదు."

మద్దక్క కన్నీళ్లు దిగమింగి, ఏమీ ఎరగనట్టు అంది: "అయినా ఇక ఆ మడుగుతో పనేముందిలే ఓబులేసూ. కాకి చెప్పిపోయింది. అడవిపందుల గుంపు అందులో దిగి పొర్లుతోందట. అంతా బురదేనట."

"పందులా? నా మడుగులోనా?"

ముల్లూ లేదు, కుంటూ లేదు. నక్క లగెత్తాడు.

"లేరా తమ్ముడూ! నా కోసం ఈ ఒక్కసారి లే!" మద్దక్క వాణ్ణి కొమ్ములతో పొడిచి లేపి, నక్క వెంట పరుగెత్తింది. మలుపు మలుపు దగ్గరా ఆగి "ఇటు, ఇటు!" అని అరిచింది. ఒంటి గాడిద పట్టేంత సందులో దూరితే, అవతల కొండచరియ నీడన తేటనీళ్ల మడుగు! సుంకన్న కళ్లదాకా మూతి ముంచి, ఎత్తితే ఒట్టు. వాడు తాగుతుంటే చూస్తూ మద్దక్క తను తాగడమే మరిచిపోయింది.

"పందులేవి?" ఓబులేసు బిక్కమొహం వేశాడు.

"కాకే రాలేదు, పందులెక్కడివిరా!"

సుంకన్న నీళ్లు కారుతున్న మూతి ఎత్తాడు. "ఎందుకు దాచావురా?" వాడి గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే.

నక్క తల దించుకున్నాడు. "నీళ్లు దొరికితే మీ దారిన మీరు పోతారు. మరి నా కబుర్లెవరు వింటారు? నన్ను చూస్తేనే అందరూ తప్పుకు పోతారు కదా."

"పిచ్చి సన్నాసీ! ఈ కరువులో నీళ్లొదిలి ఎక్కడికి పోతాంరా? పొద్దున్నే చూపించుంటే, ఈపాటికి ఇక్కడే చల్లగా కూర్చుని నీ కబుర్లు వింటూ ఉండేవాళ్లం కదా!" అంది మద్దక్క.

కొండంత కబుర్లు చెప్పే ఓబులేసు పక్కకు జరిగి, ఇంకా గుక్కెడైనా తాగని మద్దక్కకు నీళ్ల దగ్గర చోటిచ్చాడు.

నలుగురు మన దగ్గర ఉండాలంటే ఉన్నది పంచుకోవాలి గానీ, దాచిపెట్టి వాళ్లను చుట్టూ తిప్పుకోకూడదు.