రాజుగారి వెయ్యి వాట్లు

మబ్బులు మేడల మీద వాలి కునుకు తీసే ఒక రాజ్యంలో జలపాతం నుంచి కరెంటు తీసి, సాలెవీధి దీపాలకు పంపేవారు.

"రెండు వందల వోల్టులు, ఐదు ఆంపియర్లు. గుణిస్తే తమరి శక్తి వెయ్యి వాట్లు, ప్రభూ!" అని దివాను రోజూ దండోరా వేయించేవాడు.

"ఆ ఐదూ సాలెవాళ్లకెందుకు? తీగ తెంచేస్తే శక్తంతా కోటలోనే ఉంటుంది" అన్నాడు రాజు.

సాలెవీధి దీపాలు చూసుకునే నూకాలు ఆ మాట విని వీధివైపు చూసింది. మగ్గాల మీద వెన్నెలలా పరుచుకునే ఆ వెలుగు ఆమె కళ్లలో మెదిలింది.

"అలాగే తెంచేస్తాను దొరా. మరి రేపు దండోరాలో ఎన్ని వాట్లని చెప్పించాలి?" అంది.

దివాను లెక్క కట్టి తల దించుకున్నాడు. "తీగ తెగితే ఏమీ పారదు. రెండు వందల్ని సున్నాతో గుణిస్తే సున్నాయే, ప్రభూ."

"పక్కనే కుమ్మరివీధికీ అన్నే దీపాలిస్తే?" అంది నూకాలు.

"కరెంటుకి ఇంకో దారి దొరికి నిరోధం సగమవుతుంది, పది ఆంపియర్లు పారతాయి. రెండు వేల వాట్లు!" అన్నాడు దివాను.

రాజు కలలో ఉన్నట్టు మబ్బులకేసి చూశాడు.

"దివాన్జీ, ఇంకా చీకట్లో ఉన్న వీధులెన్ని?"