పొగడలంక లైబ్రరీలో తలంటు

తెలివి ఊరందరికీ పంచేంత ఉన్నా అడిగేవాళ్ళే లేరని పొగడలంకలో ఒక ఇంటివాళ్ళు తెగ బాధపడిపోయేవారు. ఆ ఇంటి పెద్ద ధర్మాజీ, ఆయన భార్య మంగాయమ్మ, తమ్ముడు అబ్బులు. ముగ్గురే మనుషులు, తెలివి మాత్రం ముప్పైమందికి సరిపోను. రాత్రిపూట గడియారం ఎవరూ చూడరు గదా అని, పడుకోబోయే ముందు దాని బ్యాటరీ తీసి దాచేవారు. పొద్దున లేచి మళ్ళీ పెట్టేవారు. ఆ ఇంట్లో టైము ఎప్పుడూ సరిగ్గా ఉండదు గానీ, బ్యాటరీ మూడేళ్ళు వచ్చింది. ఇంతటి పొదుపరులు జిల్లాలో లేరని అబ్బులు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

వాళ్ళ గోడని ఆనుకునే ఊరి లైబ్రరీ ఉంది. రెండు గదులు, నాలుగు బీరువాలు. ధర్మాజీకి ఆ లైబ్రరీ అంటే ప్రాణం. చిన్నప్పుడు బడికి పోని మనిషి, కిందటి వేసవిలో అక్కడ పిల్లల శిబిరం పెడితే పిల్లల మధ్య చాప మీద కూర్చుని, యాభై ఆరో ఏట అక్షరాలు దిద్దాడు. నేర్పింది లైబ్రేరియన్ సువర్చల గారు. అప్పట్నుంచి రోజుకో పేజీ చొప్పున చదువుతూనే ఉన్నాడు.

ఈ వేసవి శిబిరం మొదలై వారం తిరక్కుండానే సువర్చల గారి అమ్మగారికి కాకినాడలో కంటి ఆపరేషన్ పడింది. బుధవారం పొద్దున్నే ఆవిడ తాళాలు తెచ్చి ధర్మాజీ చేతిలో పెట్టింది.

“ధర్మాజీ గారూ, శుక్రవారం సాయంత్రానికి వచ్చేస్తాను. ఈలోగా శుక్రవారం పొద్దున జిల్లా ఆఫీసరు గారు వస్తారు. పిల్లలు ముప్పైమందైనా చదువుతూ కనిపించాలి. లేకపోతే మన లైబ్రరీ ఎత్తేసి కాలవ అవతల ఊళ్ళో పెడతారట.”

ధర్మాజీ తాళాలు గుండెకి హత్తుకున్నాడు. “అంత మాటనకండి మేడం గారూ. ఏం చెయ్యాలో చెప్పండి, చెప్పింది చెప్పినట్టు చేస్తాం.”

“పెద్ద పనేం లేదండీ. పుస్తకాలని కన్నబిడ్డల్లా చూసుకోండి. లోపలికొచ్చినా బయటికెళ్ళినా, రిజిస్టర్లో పేరు రాసి సంతకం పెట్టకుండా ఒక్క పుస్తకం కూడా గుమ్మం దాటకూడదు. మిగతావన్నీ గోడ మీద బోర్డుల్లో ఉన్నాయి.”

ఆవిడ బస్సెక్కింది. వీళ్ళు ముగ్గురూ నడుం బిగించారు.

తొమ్మిదింటికి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు, ముప్పైనలుగురు. అబ్బులు బోర్డు చూశాడు. ‘తీసిన పుస్తకము తీసిన చోటనే పెట్టవలెను.’ ఇంకేముంది! ఒక పిల్ల బీరువాలోంచి పుస్తకం తీసి అటు తిరగబోయింది.

“ఆగాగు! ఎక్కడికి? తీశావుగా, పెట్టెయ్.”

“చదువుకోవాలి కదండీ బాబాయ్!”

“చదువుకోమనే మేమూ చెప్తున్నాం. ముందు తీసినచోట పెట్టి, తర్వాత చదువుకో.”

అంతే, వరసగా ముప్పైనలుగురూ వచ్చి పుస్తకం తీశారు, పెట్టారు, వెళ్ళి ఉత్త చేతులతో కూర్చున్నారు. బీరువా ఎక్కడిదక్కడ ఉందని అబ్బులు మురిసిపోయాడు.

పదింటికి కథ చెప్పే వేళ. పొద్దుట్నుంచీ కథ వల్లె వేసుకున్న ధర్మాజీ కండువా సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. నోరు తెరవబోతే ఎదురుగా ఇంకో బోర్డు: ‘నిశ్శబ్దముగా ఉండవలెను.’ ఆయన కాసేపు ఆలోచించాడు. ఆయనకేం, తెలివికి లోటా! కథంతా మనసులోనే చెప్పడం మొదలుపెట్టాడు. రాజు వచ్చినచోట మీసం దువ్వాడు. పులి వచ్చినచోట కళ్ళు పెద్దవి చేశాడు. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

“తాతకి పన్ను నొప్పేమోనే,” అని ఒక పిల్ల పక్కదాని చెవిలో అంది.

ముప్పావుగంటకి కథ అయిపోయింది. ముగింపు మరీ కరుణగా ఉండటంతో ధర్మాజీ కళ్ళు తుడుచుకున్నాడు. అబ్బులు చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. గురువారం పొద్దున ఒక్క పిల్లా రాలేదు.

“ఏంటొదినా, ఒక్కరూ రాలేదు?” అన్నాడు అబ్బులు.

మంగాయమ్మ ఇటు తిరగనైనా లేదు. బీరువా ముందు బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడింది. “పిల్లలెందుకొస్తారయ్యా? ఈ బిడ్డల మొహాలు చూశావా, దుమ్ము కొట్టుకుపోయి! మేడం గారు కన్నబిడ్డల్లా చూడమన్నారు. కన్నబిడ్డలకి తలంటు పోసి ఎన్నాళ్ళయిందో!”

“అదీ మాట!” అన్నాడు ధర్మాజీ. “నీళ్ళు కాచు.”

పిల్లల బీరువాలో నూట నలభై పుస్తకాలు. గుమ్మం దాటాలంటే సంతకం కావాలి కదా! ధర్మాజీ రిజిస్టరు ముందు కూర్చున్నాడు. ఆయన సంతకమంటే మాటలు కాదు. ‘ధ’కి ఒత్తు పెట్టి, అది కుదిరిందో లేదో చూసుకుని, తర్వాతి అక్షరానికి వెళ్ళేవాడు. అబ్బులు పుస్తకం పేరు చదవడం, ఆయన రాయడం, సంతకం పెట్టడం, మంగాయమ్మ ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళడం. నువ్వులనూనె రాసింది, సున్నిపిండి పెట్టింది, చెంబుడేసి నీళ్ళు పోసింది, తుడిచి సాంబ్రాణి పొగ వేసింది. అట్టలూడిన వాటిని చూసి, “అయ్యో, ఒంటి మీద గుడ్డయినా లేదే!” అని పాత చీర చింపి చుట్టబెట్టింది. చివరికి అన్నిటికీ మూలన దిష్టిచుక్క పెట్టి చాపల మీద ఎండకి పడుకోబెట్టింది. మూడున్నరకి పని తెమిలింది. ఎంత ముద్దుగా ఉన్నాయో అని ముగ్గురూ మెటికలు విరిచారు.

నాలుగింటికి ఆకాశం నల్లబడింది. గాలి లేచింది, టపటపమంటూ చినుకులు మొదలయ్యాయి.

“బిడ్డలు తడిసిపోతున్నారు! లోపలికి తెండి!” అని మంగాయమ్మ రెండు చేతులా పది పుస్తకాలు ఎత్తుకుని పరిగెత్తింది. అబ్బులు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“ఆగొదినా! లోపలికొచ్చినా సంతకం ఉండాలన్నారు.”

“నిజమే సుమా,” అని ఆవిడ వానలోనే ఆగిపోయింది.

ధర్మాజీ మళ్ళీ రిజిస్టరు తెరిచాడు. గుమ్మంలో జల్లు కొడుతోంది. రిజిస్టరు తడిస్తే సంతకాలు పోతాయని అబ్బులు ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునీ తెచ్చి దాని మీద పట్టాడు. ఒక్కో పుస్తకమే వానలోంచి వస్తోంది, పేరు, సంతకం, లోపలికి. నూట నలభయ్యో సంతకం అయ్యేసరికి వాన వెలిసి గంటయింది. రిజిస్టరు మాత్రం పొడిపొడిగా ఉంది.

లోపల పుస్తకాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ధర్మాజీ తను రోజూ చదివే పుస్తకం తెరవబోతే పేజీలు ముద్దలా అతుక్కుని రాలేదు. ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

“చెప్పింది ఒక్కటీ తప్పలేదు కదే మంగా,” అన్నాడు. “మరెందుకిలా అయింది? రేపు ఆఫీసరొస్తాడు. పిల్లలు లేరు, పుస్తకాలు లేవు. నాకు అక్షరం పెట్టిన చోటు ఊళ్ళోంచి పోతే, నేను మళ్ళీ చదువురాని మనిషినైపోతాను.”

ముగ్గురూ ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లారగానే మంగాయమ్మ ఉండబట్టలేక వీధిన పడింది. “బాబోయ్, పిల్లలు నిలువునా తడిసి ముద్దయిపోయారు! ఊపిరాడకుండా అతుక్కుపోయారు! విసనకర్రలు పట్టుకుని రండి!” అని ఒకటే కేకలు. ఇంకేముంది, ఊరు ఊరంతా గుండెలు చేత పట్టుకుని లైబ్రరీకి పరిగెత్తింది. తల్లులొచ్చారు, తాతలొచ్చారు, వాళ్ళ వెనక పిల్లలంతా వచ్చారు. తీరా చూస్తే పుస్తకాలు.

“నీ దుంప తెగ! పిల్లలంటే ఇవా?” అని ఒకావిడ తలబాదుకుంది.

“నేను కనకపోతే మాత్రం బిడ్డలు కాకుండా పోతాయా?” అంది మంగాయమ్మ. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఒక్కో పిల్ల ఒళ్ళో ఒక్కో పుస్తకం పెట్టింది. “ఒక్కో పేజీ మెల్లిగా విడదియ్యండమ్మా. అది ఆరేదాకా తర్వాతది ముట్టుకోకండి. పెద్దాళ్ళు వెనకాల నిలబడి విసరండి.”

పేజీ ఆరేదాకా పిల్లలకి పనేముంది? కళ్ళ ముందు అక్షరాలున్నాయి, చదివారు. చదివాక తర్వాతి పేజీలో ఏమవుతుందోనని వాళ్ళకి ఒకటే తొందర. “అమ్మా, గట్టిగా విసరవే! నక్క బావిలో పడింది, పైకొస్తుందో రాదో!” అని ఒక పిల్ల గొణిగింది. వాళ్ళమ్మ కూడా వంగి చూస్తూ విసరడం మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. ఆఫీసరు గారు గుమ్మంలో అడుగు పెట్టి అలాగే నిలబడిపోయారు. నలభై మందికి పైగా పిల్లలు ఒళ్ళో పుస్తకాలతో తలెత్తడం లేదు. వెనక ఊరి పెద్దలు నిలబడి విసనకర్రలతో విసురుతున్నారు.

“వీళ్ళని ఎవరండీ ఇలా కూర్చోబెట్టింది?” అని అడిగారు.

ధర్మాజీ చేతులు జోడించి, నోరు మెదపకుండా, నిశ్శబ్దం బోర్డు చూపించాడు. ఆఫీసరు గారు ఠక్కున నోటి మీద వేలు వేసుకున్నారు. మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికొచ్చి, ధర్మాజీ భుజం తట్టారు.

“నా ఉద్యోగంలో ఎన్నో లైబ్రరీలు చూశాను. చదివే పిల్లలకి ఊరంతా నిలబడి విసరడం ఇప్పుడే చూశాను. ఇది ఇక్కడే ఉంటుంది, రాసి పంపిస్తున్నాను.”

ధర్మాజీ సంతోషంతో ఆ పెద్దమనిషి కాళ్ళ మీద పడబోయాడు. ఆయన వారించి జీపెక్కుతూ ఒక్క మాటన్నారు. “కానీ జాగ్రత్త. కాలవ అవతలివాళ్ళు తమవైపు లాక్కోవాలని చూస్తూనే ఉంటారు. మీరు గట్టిగా పట్టుకుని ఉండాలి.”

సాయంత్రం సువర్చల గారు బస్సు దిగి లైబ్రరీ వైపు నడిచింది. కిళ్ళీకొట్టు దగ్గరే శుభవార్త తెలిసింది. పరుగులాంటి నడకతో మలుపు తిరిగేసరికి, భవనం ఒక మూల గోడని కావలించుకుని మంగాయమ్మ, ఇంకో మూల అబ్బులు, మూడో మూల చెమటలు కక్కుతూ ధర్మాజీ కనిపించారు.

“ఏంటండీ ఇది? గోడలేమైనా పడిపోతున్నాయా?”

“అబ్బే, అవతలివాళ్ళు లాక్కుపోతారని ఆఫీసరు గారు చెప్పారు మేడం గారూ. పొద్దున్నించీ పట్టుకునే ఉన్నాం,” అన్నాడు ధర్మాజీ చెయ్యి సడలించకుండా. “మూలలు నాలుగు, మనుషులం ముగ్గురం. ఆ నాలుగో మూల గురించే బెంగగా ఉంది. మీరొచ్చారు, బతికించారు. సంచి అక్కడ పెట్టేసి కాస్త పట్టుకోండి!”