హాప్ పువ్వు తల ఎందుకు దించుకుంది?

ఒకప్పుడు హాప్ పువ్వుకు చేదంటే ఏమిటో తెలియదు. తల పైకెత్తుకుని, రేకులు బార్లా తెరుచుకుని, దారిన పోయే ప్రతి గాలికీ వాసన పంచిపెట్టేది.

హాప్ తీగను మీరు చూసి ఉండరు. అది చలిదేశాల్లో పెరుగుతుంది. దాని పువ్వులు బీరులో వేస్తారు. బీరు సంగతి మీకెందుకూ అంటారా, మీకు అక్కర్లేదు. అది పెద్దవాళ్ళు తాగి, మర్నాడు తల పట్టుకుని కూర్చోవడానికి చేసుకునేది. నేను చెప్పేది తీగ సంగతి.

అప్పట్లో ఏ మొక్క ఎక్కడ పెరగాలో దేవుడింకా తేల్చలేదు. అన్నీ అన్నిచోట్లా ఉండేవి. మంచుకొండల మీద కొబ్బరిచెట్టు వణుకుతూ నిలబడేది. మన కొండల్లో బార్లీ పండేది, హాప్ తీగ పాకేది. తర్వాత పంపకాలు జరిగాయి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. తీగ చలి వైపు ఎందుకు వెళ్ళిందో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ తీగకు ఉన్నది ఒకటే దిగులు. ఎక్కడానికి దానికి ఏమీ లేదు. మల్లెకు పందిరి ఉంది. ఆనపకు ఇంటికప్పు ఉంది. దొండకు కంచె ఉంది. హాప్ తీగకు మాత్రం నేల ఉంది. మన కొండల్లో ఒక ఊళ్ళో, బూదెమ్మ అనే ఆమె పెరట్లో అది నేలమీద పడి పాకేది. వచ్చేవాళ్ళు ఒకసారి తొక్కేవాళ్ళు, పోయేవాళ్ళు ఒకసారి తొక్కేవాళ్ళు.

తొక్కినా బతకవచ్చు. బతకనివ్వనిది మేక. మేక చెడ్డది కాదు. నేలమీద ఉన్నదంతా తనదేనని దానికి ఎవరో చిన్నప్పుడు చెప్పారు, అది నమ్మింది. రోజూ పొద్దున్నే వచ్చి, తీగను కొస నుంచి మొదలుపెట్టి మర్యాదగా తినేది. ఇలాగే సాగితే వానలు పడేలోపు మేక తన వేరుదాకా వస్తుందని తీగకు అర్థమైంది. ఒక గుంజ దొరికితే, మేకకు అందనంత ఎత్తుకు పోవచ్చు. కానీ గుంజ పాతేదెవరు?

ఇక బూదెమ్మ. ఊరి కల్లుకుండ ఆమె ఇంట్లో ఉండేది. తాటికల్లు కాదు, బార్లీ కల్లు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, మరిగించి, చల్లార్చి ఆ కుండలో పోసేది. కుండ అడుగున మడ్డి ఉండేది. మడ్డి అంటే కంటికి కనిపించనంత చిన్నవాళ్ళ పెద్ద గుంపు. వాళ్ళు బార్లీలోని తీపిని తిని, బుడగలు బుడగలుగా ఊపిరి వదులుతారు. ఆ ఊపిరితోనే కల్లు పొంగుతుంది. అందుకే ఆ కుండను ఎవరూ కడగరు.

బూదెమ్మకు అత్తగారు ఒక మాట అప్పజెప్పి పోయింది. నిప్పు చూడనిది ఏదీ ఆ కుండలోకి పోకూడదు. బూదెమ్మ ఆ మాటను ప్రాణంగా పట్టుకుంది. గరిటెను మరిగించేది. వడగట్టే గుడ్డను మరిగించేది. ఒకసారి నీళ్ళను మరిగించి, అనుమానం తీరక మళ్ళీ మరిగించింది.

ఇంత చేసినా కల్లులోకి పులుపు వచ్చేది. పులుపు అంటే పిలవకుండా వచ్చే చుట్టం. మూత సందులోంచి దూరి, కుండలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఇక లేవదు. కొండదేవత పండుగకు మొదటి దొన్నె దేవతకు పోసి, తర్వాత ఊరంతా తాగడం ఆచారం. కిందటి పండుగకు కల్లు పులిసిపోయింది. అంతకు ముందు పండుగకూ పులిసిపోయింది. దేవత ఏమీ అనలేదు. ఊళ్ళోవాళ్ళ కడుపులు అన్నాయి.

ఊరిపెద్ద పోలినాయుడు ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. బూదెమ్మ ఆయనకు వరసకు వదిన. ఆయనకు కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకునే అలవాటు. చుట్టుకుని చెప్పాడు.

"ఈపాలి కూడా పులిసిపోతే కుండ ఏరే ఇంటికి పోద్ది వదినా. నాను సెప్తన్నాది కాదు. ఊరు సెప్తన్నాది."

కుండ పోతే పెరడూ పోతుంది. కుండ ఎవరింట ఉంటే పెరడు వాళ్ళదని ఆ ఊరి కట్టుబాటు. బూదెమ్మ పెరట్లోకి వెళ్ళి, ఎక్కడ కూర్చుంటున్నానో కూడా చూసుకోకుండా కూలబడింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"అప్పా, కాస్త లెగు. నా మీద కూకున్నావు" అంది తీగ. అప్ప అంటే ఆ ఊళ్ళో అక్క.

బూదెమ్మ జరిగి కూర్చుంది. అక్కడ వినడానికి ఇంకెవరూ లేరు కనుక జరిగింది తీగకే చెప్పింది. తీగ అంతా విని, పులుపు తనకు బాగా తెలుసంది. మొన్న తన పక్కనుంచి వెళుతూ ముక్కు మూసుకుందట. తన వాసన దానికి పడదట. కుండలో తన పువ్వులుంటే పులుపు లోపలికి రాదని తీగ మాట ఇచ్చింది. బదులుగా ఒక గుంజ అడిగింది.

బూదెమ్మకు ఊరికే ఇచ్చే అలవాటు లేదు. పండుగ రోజున కల్లు బాగుంటేనే గుంజ అంది. తీగ సరేనంది. మేక ఆ పక్కనే నిలబడి, నములుతూ, ఈ ఒప్పందం అంతా విన్నది. తన గురించి ఎవరూ అడగలేదని దానికి కొంచెం బాధనిపించింది.

తీగ సగం పువ్వులు కోసిచ్చింది. బూదెమ్మ వాటిని కుండలో వేస్తుందనుకుంది. బూదెమ్మ వాటిని పొయ్యిమీద కుతకుతలాడే బార్లీ రసంలో వేసింది. నిప్పు చూడనిది కుండలోకి పోకూడదు కదా.

పువ్వులో ఉన్న వాసనకు నిప్పంటే చచ్చేంత భయం. ఆవిరి పట్టుకుని, పొగగూట్లోంచి దూకి పారిపోయింది. ఊరి మీదంతా తిరిగింది. జనం పనులు మానేసి, కళ్ళు మూసుకుని, ఎంత బాగుందో అనుకుంటూ నిలబడ్డారు. గిన్నెలో మాత్రం వాసన లేదు.

పువ్వు పారిపోలేదు. దానికి కాళ్ళు లేవు. మొదట ఓర్చుకుంది. తర్వాత అడిగింది, ఎందుకిలా చేస్తున్నావని. గరిటె చప్పుడులో బూదెమ్మకు వినిపించలేదు. అప్పుడు పువ్వుకు కోపం వచ్చింది. అది పుట్టాక వచ్చిన మొదటి కోపం. ఆ కోపమే చేదయింది. మరిగినకొద్దీ చేదు పెరిగింది. అంతవరకు లోకంలో ఆ చేదు లేదు.

బూదెమ్మ రసాన్ని చల్లార్చి కుండలో పోసింది. మడ్డి లేచి పని మొదలుపెట్టింది. మూత సందులోంచి పులుపు వచ్చింది, ఒక గుక్క తాగింది, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దాన్ని ఆ ఊళ్ళో మళ్ళీ చాలాకాలం ఎవరూ చూడలేదు.

పండుగ దగ్గరపడ్డాక పోలినాయుడు రుచి చూడటానికి వచ్చాడు. ఊరిపెద్ద కుండలో వేలు ముంచి, నాలుకకు రాసుకోవాలి. అది ఆచారం. రాసుకున్నాడు. ఆయన ముఖంలో ఉన్నవన్నీ ముక్కు దగ్గరకు వచ్చి చేరాయి. చాలాసేపటికి గానీ తిరిగి వెళ్ళలేదు.

పులవలేదు, ఆ మాట నిజమే అన్నాడు. కానీ ఇది జ్వరానికి ఇచ్చే కషాయంలా ఉందనీ, కొండదేవతకు జ్వరం వచ్చినట్టు తనకు కబురు లేదనీ అన్నాడు. తలపాగా విప్పాడు, చుట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు.

బూదెమ్మకు దిక్కు తోచలేదు. ఊరి మీద తిరిగిన ఆ వాసన కుండలో ఉంటే ఎంత బాగుండేది. పచ్చి పువ్వులు ఇప్పుడు వేద్దామంటే అత్తగారి మాట అడ్డం వస్తోంది. చివరికి కుండ దగ్గరే కూర్చుని మడ్డిని అడిగింది.

మడ్డి పనిలో ఉంటే మాట్లాడటం కష్టం. ఒక్కో బుడగకు ఒక్కో మాట వస్తుంది. బూదెమ్మ పొద్దున అడిగితే జవాబు పూర్తయ్యేసరికి పశువులు ఇంటికి వచ్చాయి. బుడగలన్నీ కలిపితే ఆ జవాబు ఇది:

"నిప్పు సూడనిది కుండలోకి రాకూడదంటావు. మేం నిప్పు సూసినామా? సూస్తే బతుకుతామా? మీ నాయుడి ఏలు నిప్పు సూసినాదా?"

బూదెమ్మ కుండలోకి తొంగిచూసింది. మడ్డి నిప్పు చూడలేదు. చూస్తే చచ్చిపోతుంది. అందుకే కదా, రసం చల్లారేదాకా ఆగి కుండలో పోసేది. రోజూ తన చేత్తో చేస్తున్న పనే. అత్తగారూ అదే చేసింది. ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మడ్డి ఇంకో రెండు సంగతులు చెప్పింది. తమ జోరు తగ్గేదాకా ఆగమంది. ఇప్పుడే వేస్తే వాసనంతా తమ ఊపిరితో పైకి పోతుందట. వేశాక ఎక్కువ కాలం ఉంచేయవద్దంది. ఉంచేస్తే కల్లుకు గడ్డి వాసన వస్తుంది, మేక కుండలో తల పెడుతుంది.

బూదెమ్మ పెరట్లోకి వెళ్ళింది. తీగకు మిగిలిన పువ్వులు ఎప్పటిలా లేవు. తల కిందికి దించుకున్నాయి. రేకుల్ని ఒకదానిమీద ఒకటి గట్టిగా కప్పుకున్నాయి. కోసిచ్చిన పువ్వులకు ఏమైందో వాటికి తెలిసిపోయింది, ఆ కోపం, ఆ చేదు వాటికీ ఎక్కాయి. మేక ఆ పొద్దున ఒకటి కొరికి, నములుతూ ఆగిపోయి, పక్కన పెట్టేసి, అప్పటినుంచి నోరు రాయికి రుద్దుకుంటోంది.

బూదెమ్మ ఈసారి ఎక్కడ కూర్చోవాలో చూసుకుని కూర్చుంది.

"నొప్పెట్టినాదా?" అని అడిగింది.

"పెట్టినాది" అంది తీగ.

బూదెమ్మకు క్షమించమని అడగడం రాదు. ఎవరూ నేర్పలేదు. మిగిలిన పువ్వులు ఇస్తే ఈసారి నిప్పు దగ్గరికి తీసుకెళ్ళనని మాత్రం చెప్పింది. తీగ నమ్మలేదు. తీగ స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.

బూదెమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళింది. పొయ్యిలో నీళ్ళు పోసింది. చుయ్యిమన్న చప్పుడు పెరట్లోకి వినిపించింది. పండుగదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదని తీగతో చెప్పింది. వెలగలేదు కూడా. నీళ్ళను రెండుసార్లు మరిగించే మనిషి, పక్కింటివాళ్ళు పెట్టిన చల్లన్నం పచ్చి ఉల్లిపాయతో తింటూ రోజులు గడిపింది. చలికి దుప్పటి కప్పుకుంది గానీ కుంపటి అంటించలేదు. తీగ రోజూ ఆ చల్లారిన పొయ్యి వైపు చూసేది.

ఒకరోజు మడ్డి జోరు తగ్గింది. బుడగలు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. ఆ పొద్దున తీగ తనంతట తానే బూదెమ్మను పిలిచి, కోసుకో అంది.

బూదెమ్మ పువ్వుల్ని పలచని గుడ్డలో వదులుగా కట్టి కుండలోకి దించింది. అత్తగారు ఎక్కడున్నా చూడకూడదని మొక్కుకుంది. కుండ లోపల చల్లగా ఉంది, చీకటిగా ఉంది, ఎవరూ తొందరపెట్టడం లేదు. పువ్వు కొంచెం ఆగింది. తర్వాత కప్పుకున్న రేకులు ఒక్కొక్కటే వదులు చేసింది. రేకుల మధ్య పసుపుపచ్చని పొడి ఉంది, దానిలో వాసన నక్కి ఉంది. బయటికి తొంగిచూసింది. నిప్పు లేదు. మెల్లగా దిగి కల్లులో కలిసింది.

మడ్డి చెప్పినట్టే, గడ్డి వాసన రాకముందే బూదెమ్మ మూట తీసేసింది.

పండుగ రోజున మొదటి దొన్నె దేవతకు పోశారు. రెండోది పోలినాయుడికి. ఆయన ముఖాన్ని ముందే గట్టిగా బిగించుకుని తాగాడు. ముఖం తనంతట తానే వదులైంది. మొదట వాసన వచ్చింది, వెనకాల కొంచెం చేదు వచ్చింది, ఆ చేదు పోతుండగా మళ్ళీ వాసన కావాలనిపించింది. తలపాగా ముట్టుకోలేదు. ఖాళీ దొన్నె మళ్ళీ చాచాడు.

కుండ బూదెమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

ఊరంతా ఆడుతుంటే బూదెమ్మ పెరట్లో గొయ్యి తవ్వి గుంజ పాతింది. ఇంటిమీద వాసమంత పొడవైన గుంజ. తన చీర అంచు చింపి, తీగ కొసను మెత్తగా దానికి కట్టింది. తీగ చాలాకాలంగా నేలమీదే పాకింది కనుక ఎక్కడం దానికి చేతకాలేదు. జారిపోయింది. బూదెమ్మ మళ్ళీ కట్టింది. జారకుండా ఉండటానికి తీగ తన ఒంటిమీద గరుకైన నూగు మొలిపించుకుంది. ఆ నూగుతో గుంజను పట్టుకుని పైకి పోయింది. పోతూ పోతూ సూర్యుణ్ణి చూసింది. అదీ నిప్పే. దానికి వీపు చూపించడం మంచిది కాదనుకుని, సూర్యుడు ఎటు తిరిగితే అటే గుంజ చుట్టూ తిరుగుతూ ఎక్కింది.

మేక కిందినుంచి మెడ చాచి చూసింది. తనకు అందేది కాదని తేల్చుకుని దొండపాదు వైపు వెళ్ళిపోయింది.

అప్పటినుంచే హాప్ తీగ సూర్యుడి దారినే గుంజ చుట్టుకుంటుంది, ఎండ మండే చోట్లు వదిలి చలి ఉన్నచోటే కాపురం ఉంటుంది. అప్పటినుంచే దాని పువ్వు తల దించుకుని, రేకులు కప్పుకుని, పసుపుపచ్చ పొడిని లోపల దాచుకుంటుంది. పొయ్యిమీద మరిగించేవాళ్ళకు ఈనాటికీ చేదే ఇస్తుంది. పొయ్యి ఆర్పి, చల్లారేదాకా ఆగినవాళ్ళకు వాసన ఇస్తుంది.