ఎనిమిది గడియలు, ఒక్క ఉంగరం

అనగనగా ఏరు సముద్రంలో కలిసేచోట ఒక రేవు. ఆ రేవులోని బట్టల వర్తకులకు పెద్ద గొంకయ్య. ఆయన ఉంగరంతో లక్కముద్ర పడనిదే ఒక్క మూట కూడా ఓడ ఎక్కదు.

మూడేళ్ళ కిందట చిరిగిన చీర ఒకటి సింహళం దాకా వెళ్ళి పరువు తీసింది. ఆనాడే ఆయన మూడు నేతవీధుల పెద్దల ముద్రలూ మాన్పించి, పనంతా తన చేతిలోకి తీసుకున్నాడు.

ఒక పున్నమినాడు తెల్లవారేసరికి రేవులో రెండు వందల నలభై మూటలున్నాయి. ఎనిమిది గడియలకు సముద్రపు పోటు దిగిపోతుంది. దిగితే ఓడ రేవు ముందున్న ఇసుకమేట దాటలేదు. మళ్ళీ అంత పోటు రావాలంటే పదిహేను రోజులు. ఈలోగా గాలి తిరిగిపోతుంది. మూడు వీధుల మగ్గాల ఏడాది కష్టం ఒడ్డునే చివికిపోతుంది.

గొంకయ్య మేనకోడలు మైలమది గడియలు లెక్కపెట్టే పని. అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను నీళ్ళతొట్టిలో వదులుతుంది. గిన్నె మునిగితే ఒక గడియ. వెంటనే గంట కొడుతుంది.

గొంకయ్య చేతికందిన మూటనల్లా విప్పి, చూసి, కట్టి, ముద్ర వేస్తున్నాడు.

వంటమనిషి వచ్చాడు. "అయ్యా, ఓడవాళ్ళకు పులిహోరా, దద్ధ్యోదనమా?"

గొంకయ్య రెండూ రుచి చూసి మరీ చెప్పాడు. ఠంగ్! ఒక గడియ పోయింది.

డప్పులాయన వచ్చాడు. "పెద్దయ్యా, లంగరెత్తేటప్పుడు ఏ దరువు వెయ్యమంటారు?"

గొంకయ్య మూడు దరువులు వేయించుకుని విన్నాడు. ఠంగ్!

చెమట కళ్ళలోకి దిగుతోంది. చేతివేగం పెంచాడు. మూడో గంట మోగుతుండగా ఓడ మీదనుంచి దాన్ని నడిపే సరంగు కేకేశాడు.

"పెద్దయ్యా! ఈ మూట అడుగంతా తడి! ముద్ర చూస్తే మీదే!"

"దాన్ని దించెయ్యండి!" అని అరిచి, గొంకయ్య ఇంకో మూట లాక్కున్నాడు.

"మామయ్యా, ఒక లెక్క చెప్పనా?" అంది మైలమ.

"ఇప్పుడా తల్లీ లెక్కలు! ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"ఇప్పుడే వినాలి. మూడు గడియల్లో ముప్పై మూటలు చూశావు. ఇంకా రెండు వందల పది ఉన్నాయి. ఇదే నడకైతే ఇరవై ఒక్క గడియలు కావాలి. ఉన్నవి అయిదు. పైగా నీ ముద్రే ఉండాలని రాజుగారు అడిగిన పట్టుమూటలు ముప్పై. వాటిని నువ్వింకా ముట్టుకోనేలేదు."

గొంకయ్య చేతిలోని మూట వదిలేశాడు. "మరేం చెయ్యను?"

"తక్కిన నూట ఎనభై ముగ్గురు వీధిపెద్దలకు ఇవ్వు. తలా అరవై. ఎవరి ముద్ర వాళ్ళది, తప్పొస్తే జవాబూ వాళ్ళదే. మధ్యలో ఎవరూ కదపకపోతే నాలుగు గడియల్లో అయిపోతుంది. నువ్వు పట్టుమూటలు చూడు. వంటా దరువూ అంటూ ఎవరొచ్చినా నేను చూసుకుంటా."

"మళ్ళీ చిరిగింది వెళ్తేనో?"

"తడిసింది వెళ్ళబోయింది కదా మామయ్యా, నీ చేతిమీదుగానే!"

గొంకయ్య తలవంచుకున్నాడు. "పిలువు."

వీధిపెద్దలు పరుగున వచ్చారు. ముసలి బేతయ్య మొలలోంచి ముద్ర తీస్తూ, "మూడేళ్ళుగా దీన్ని ఊరికే మోస్తున్నానయ్యా," అన్నాడు నిష్ఠూరంగా. ఆపై మూటల ముందు కూర్చున్నాడు.

అయిదో గంటకు పట్టుమూటలు ముగిశాయి. గొంకయ్య చేతులు ఖాళీ. కాళ్ళు ఆగక వీధిపెద్దల వైపు ఒక అడుగు వేశాడు. మైలమ కళ్ళెర్రజేసింది. వెనక్కి వచ్చి కూర్చుని, ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుకుంటూ గిన్నెకేసే చూశాడు.

ఏడో గంటకు చివరి మూట ఓడెక్కింది. ఎనిమిదో గడియలో గిన్నె అంచుదాకా నిండుతుండగా ఓడ అడుగు ఇసుకమేటను గరగరమని రాసింది. గొంకయ్య లేచి నిలబడ్డాడు. ఒక అల వచ్చి ఓడను ఎత్తింది. దాటింది! ఠంగ్!

ఒడ్డున తడిమూట ఒక్కటే మిగిలింది. గొంకయ్య దాన్ని విప్పి, తనే ఎండలో ఆరేశాడు.

పిల్లలూ, పెద్దలూ, వినండి: తాను తప్ప మరొకరు చేయలేని పనిని ముందు పట్టుకుని, తక్కినది నమ్మకంగా పంచి ఇచ్చే నాయకుడికే సమయం చాలుతుంది.